తోచకపోవడంలో ఫస్టు ర్యాంకు

పిల్లలకి బడి మూసిన రోజునే తల్లులకి బడి తెరుచుకుంటుందని వకుళ నమ్మకం. అందులో ఆమెకి ఫిర్యాదేమీ లేదు. ఏలూరు ఎండల్లో, మేడ మీది రెండు గదుల వాటాలో, తొమ్మిదేళ్ళ కూతురితో వేసవి గడపడమంటే ఏమిటో ఆమెకి బాగా తెలుసు. పొద్దున కూలర్లో పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి మాయమవుతాయి. భోజనాల వేళకని బకెట్లో నానేసిన చిన్నరసాలు పదకొండింటికే సగమవుతాయి. ఎవరు తిన్నారంటే ఎవరూ తినలేదు, గౌను ముందుభాగం మాత్రం పచ్చగా ఉంటుంది. కరెంటు పోయినప్పుడల్లా మొగుడు ఫణీంద్ర, తల మీద ఫ్యాను ఆగిపోవడం కళ్ళారా చూస్తూ కూడా, "పోయిందా?" అని అడుగుతాడు. ఏడాదంతా యూనిఫాం ఇస్త్రీలు, టిఫిన్ బాక్సులు, స్కూలు బస్సు వెనకాల పరుగులు అయ్యాక, ఈపాటి అల్లరుంటేనే ఇల్లు ఇల్లులా ఉంటుందని ఆమె ఏటా ఈ నెలల కోసం ఎదురుచూసేది.

ఈ ఏడు ఆ ముచ్చటకి విశ్వశిఖర కాన్సెప్ట్ స్కూల్ వారు అడ్డం పడ్డారు.

ఆఖరి పనిదినాన తల్లిదండ్రులందర్నీ పిలిచారు. స్కూలు డైరెక్టర్ గారు అంతకు ముందే ఏదో దేశంలో ఏదో సదస్సుకి వెళ్ళొచ్చారు. ఆయన సదస్సుకి వెళ్ళొచ్చినప్పుడల్లా స్కూల్లోకి ఏదో ఒకటి వస్తుంది. ఒకసారి రోబోటిక్స్ వచ్చింది. ఇంకోసారి గుర్రపుస్వారీ వచ్చింది, గుర్రం మాత్రం రాలేదు. ఈసారి ఏం వస్తుందోనని అందరూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు.

"పేరెంట్స్ ఒక విషయం గమనించాలి," అన్నారాయన మైకుని రెండు చేతులతో పట్టుకుని. "ప్రపంచంలో గొప్ప ఆలోచనలన్నీ ఏమీ తోచకుండా కూర్చున్నవాళ్ళకే వచ్చాయి. ఇది సైంటిఫిక్‌గా ప్రూవ్ అయింది. దురదృష్టవశాత్తూ మన పిల్లలకి తోచకపోవడం రావట్లేదు. మన విద్యావిధానంలో ఇది చాలా పెద్ద గ్యాప్. ఆ గ్యాప్‌ని పూడ్చడానికి మన మేనేజ్‌మెంట్ కంకణం కట్టుకుంది."

చప్పట్లు మోగాయి. వకుళ అందరికంటే గట్టిగా కొట్టింది. పిల్లల్ని వేసవిలో వాళ్ళ మానాన వదిలేయమని ఇంత పెద్దమనిషి నోటివెంట వింటానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఆ సంతోషంలో లేచి నిలబడింది కూడా.

"అంటే హోంవర్కు ఉండదు కదా సార్? ఊరికే వదిలేయమంటారు."

పక్కనే ఉన్న డీన్ పరాంకుశం గారు ఆమెని జాలిగా చూశారు. బట్టతల, మెళ్ళో గుర్తింపు కార్డు, ఏ మాటనైనా ఉత్తర్వులా చదివే గొంతు ఆయనవి.

"ఊరికే వదిలేస్తే ఆడుకుంటారు మేడమ్. అది ఎంతమాత్రం అనుమతించబడదు. 'సమ్మర్ శూన్య' ప్రోగ్రామ్ నిబంధనల మేరకు విద్యార్థి ప్రతిరోజూ నిర్దేశిత సమయంలో, నిర్దేశిత ప్రమాణాల్లో ఏమీ తోచకుండా ఉండవలెను. వంద మార్కులకి పరీక్ష నిర్వహించబడును. ముప్ఫై అయిదు రానివారు శిఖర సెక్షన్ నుంచి సాధారణ సెక్షన్‌కి బదిలీ చేయబడుదురు."

హాలు ఒక్కసారిగా చల్లబడిపోయింది. సాధారణ సెక్షన్ పై అంతస్తులో రేకుల కింద ఉండేది. అక్కడికి లెక్కల టీచరు వస్తే పీటీ టీచరు వచ్చేవాడు కాదు, పీటీ టీచరు వస్తే లెక్కలు కూడా ఆయనే చెప్పేవాడు. శిఖర సెక్షన్‌లో సీటు కోసం కిందటేడు కూతురు ముత్యం రాసిన ఎంట్రన్స్ పరీక్షకి వకుళ ముత్యం కంటే ఎక్కువ చదివింది. ముత్యం అసలు పేరు మౌక్తిక. ఆ పేరుతో పిలిచేది స్కూలువాళ్ళూ, జ్వరమొస్తే డాక్టరుగారూను.

*

ఇంటికొచ్చి వకుళ పని మొదలుపెట్టింది. కూతుర్ని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టి, "నీకిప్పుడు ఏమీ తోచకూడదు," అంది.

"సరే," అంది ముత్యం. ఆమె మాట వినే పిల్ల. కాసేపు బుద్ధిగా కూర్చుంది. తరవాత కుర్చీ కిందినుంచి కిసకిసలు వినిపించాయి. చూస్తే అక్కడ ఎండిన మామిడి టెంకలు వరసగా నిలబడి ఉన్నాయి. పీచుకి దువ్వెన పెట్టి గడ్డాలు దువ్వింది. ఒకాయన పెళ్ళికొడుకు తాతట, ఇంకొకాయనకి ఆయనంటే పడదట, భోజనాల దగ్గర గొడవ జరుగుతోందట.

అప్పుడే స్కూలు నుంచి ఫోను. రోజూ సాయంత్రం అదే వేళకి క్లాసు టీచరు చేసేది.

"మేడమ్, మౌక్తికకి ఏమీ తోచట్లేదా?"

"తోచట్లేదమ్మా, అసలేమీ తోచట్లేదు," అంది వకుళ.

"వెనకాల నవ్వు వినిపిస్తోంది మేడమ్."

"టీవీ అమ్మా."

"టీవీ నిషేధం మేడమ్. నవ్వు అయితే మైనస్ మార్కులే. ఏది రాసుకోమంటారు?"

వకుళ నవ్వే రాయించుకుంది. టెంకలన్నీ సంచీలో వేసి అటక మీద పడేసింది. మర్నాడు ముత్యం బట్టల క్లిప్పులకి బడి పెట్టింది. క్లిప్పులు దాచేస్తే కూలర్ ముందు కూర్చుని "ఆఆఆ" అని పాడుతూ, గొంతు ముక్కలై రావడం చూసి మురిసిపోయింది. కూలర్ కట్టేస్తే చెమట బొట్లలో ఏది ముందు మోచేతికి చేరుతుందోనని పందెం కాసింది. పిల్ల చేతిలోంచి లాక్కోవడానికి ఇంట్లో ఇక ఏమీ మిగల్లేదు.

"దానికి రాని విద్య కోసం దాన్నెందుకే రాచి రంపాన పెడతావు?" అన్నాడు ఫణీంద్ర. ఆయన ఆర్టీసీ డిపోలో పనిచేస్తాడు. "నన్ను పంపు. నేను రోజూ డిపోలో చేసేది అదేగా."

"రేకుల కింద కూర్చోబెడితే మీరొచ్చి లెక్కలు చెబుతారా?"

ఫణీంద్ర తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. కరెంటు పోయింది. "పోయిందా?" అన్నాడు.

*

కింది వాటాలో రాజ్యలక్ష్మి గారి అబ్బాయి హవిష్ కూడా శిఖర సెక్షనే. రాజ్యలక్ష్మి గారు ఊళ్ళో ఏ కోచింగు ఎక్కడ మొదలైనా మొదటి అడ్మిషన్ తీసుకునే మనిషి.

"మీరింకా ఇంట్లోనే చెప్పుకుంటున్నారా వకుళ గారూ?" అంది, మొహమంతా జాలి చేసుకుని. "మావాణ్ణి సుబ్బారాయుడు మాస్టారి దగ్గర చేర్చాం. ఇప్పుడు వాడు అడిగిన వెంటనే ఆవలిస్తాడు."

సుబ్బారాయుడు మాస్టారు గాలి ఎటు వీస్తే అటు బోర్డు మార్చే మనిషి. దస్తూరి నేర్పారు, అబాకస్ నేర్పారు, గుర్రపుస్వారీకి థియరీ క్లాసులు కూడా చెప్పారు. ఇప్పుడు ఆయన మేడ మీద పిల్లలు వరసగా గోడకేసి కూర్చుని ఉన్నారు. కొత్తవాళ్ళకి వెల్లవేసిన గోడ. బాగా చదివేవాళ్ళకి పెచ్చులూడి రకరకాల బొమ్మలు కనిపించే గోడ. పొద్దున్నే బ్యాచి, టిఫినయ్యాక డౌట్లు, మధ్యాహ్నం వారాంతపు పరీక్షకి రివిజను, సాయంత్రం వెనకబడినవాళ్ళకి ప్రత్యేక క్లాసు. అక్కడ చేరిన పిల్లలకి ఏమీ తోచకపోవడానికి క్షణం తీరిక ఉండేది కాదు.

"ఏం చేస్తున్నావు?" అని మాస్టారు బెత్తంతో నేల తట్టేవారు.

"ఏ-మీ-తో-చ-ట్లే-దండీ," అని పిల్లలందరూ ఒకే రాగంలో అనేవారు, తలలు ఎడం భుజం మీదికి వాల్చి. కాలు నేలకి రాస్తే ఇంకో మార్కు ఎక్కువ. ఏ కాలైనా పర్వాలేదా అన్న విషయంలో పేరెంట్లు రెండు వర్గాలుగా చీలిపోయి మాటలు కూడా మానుకున్నారు.

ముత్యం అక్కడ వారం కూడా నిలవలేదు. రాగం నచ్చి, దానికి రెండో చరణం కట్టి, బ్యాచి మొత్తానికి నేర్పేసింది. మాస్టారు చేతులు జోడించి ఇంటికి పంపేశారు.

పరీక్ష దగ్గరపడేసరికి ప్రశ్నపత్రం బయటికొచ్చిందని ఊరంతా గుప్పుమంది. ఉత్తరపు గోడ ఇస్తారట. రాజ్యలక్ష్మి గారు రహస్యంగా వచ్చి చెవిలో చెప్పింది. ఆ రోజు నుంచి శిఖర సెక్షన్ పిల్లలందరూ ఉత్తరపు గోడలే చూశారు. ఒకాయన ఇంటికి ఉత్తరాన గోడ లేకపోతే మేస్త్రీని పిలిపించాడు. ఆఖరి నిమిషంలో డీన్ గారు ఒక ప్రకటన విడుదల చేశారు. లీకు వార్తలు నిరాధారం. అయినప్పటికీ ముందుజాగ్రత్తగా గోడ మార్చబడినది. పరీక్ష ఇళ్ళలోనే నిర్వహించబడును, ఫ్లయింగ్ స్క్వాడ్ స్వయంగా రాగలదు.

*

స్క్వాడ్ వచ్చేది తెలిసి వకుళ హాలు మొత్తం ఖాళీ చేసింది. సోఫా, టీవీ, దేవుడి పటం, చివరికి గోడ మీది క్యాలెండరు కూడా తీసేసింది. నాలుగు గోడల మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ, అందులో ముత్యం.

కింద ముందు గొడవ వినిపించింది. హవిష్ జేబులో రబ్బరు బ్యాండు దొరికింది. "ఆ బ్యాండు మాది కాదండీ, పాల ప్యాకెట్‌కి వచ్చిందండీ," అని రాజ్యలక్ష్మి గారు కాళ్ళావేళ్ళా పడుతోంది. "మాల్‌ప్రాక్టీస్ అమ్మా, డిబార్ తప్పదు," అని డీన్ గారి గొంతు. ఏం వినోదం తప్పించుకుపోతుందోనన్నట్టు హవిష్ చెప్పుల్లో కూడా వెతికారు.

తరవాత స్క్వాడ్ మెట్లెక్కి వచ్చింది. డీన్ పరాంకుశం గారు, ఆయన వెనక ఇద్దరు టీచర్లు. ముగ్గురూ గోడవారగా నిలబడి ముత్యాన్ని చూడటం మొదలుపెట్టారు. వకుళ వంటింటి గుమ్మంలో ఊపిరి బిగబట్టి నిలబడింది. పిల్ల మొహంలో ఏమీ లేదు. కళ్ళు గోడ మీద. చాలాసేపు అలాగే. వకుళకి ఆశ పుట్టింది.

అంతలో ముత్యం మెల్లగా చెయ్యి ఎత్తి గోడకేసి ఊపింది.

"ఎవరికి?" అన్నారు డీన్ గారు.

"అక్కడ తలుపుంది కదండీ."

అందరూ చూశారు. క్యాలెండరు తీసేసిన చోట సున్నం మాయకుండా నలుచదరంగా తెల్లగా ఉంది.

"లోపల ఎవరో ఉన్నారు. ఇందాకట్నుంచి తీద్దామా వద్దా అని అనుకుంటున్నారు. ఇంతమంది ఉంటే వాళ్ళకి సిగ్గండీ. మీరు ముగ్గురూ కాస్త పక్కకి జరిగితే..."

చిన్న టీచరు ఒకామె గబుక్కున పక్కకి జరిగింది. డీన్ గారు ఉరిమి చూస్తే మళ్ళీ యథాస్థానానికి వచ్చింది.

మెట్లు దిగుతూ ఆయన వకుళతో అన్నారు. "నా ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత తీవ్రమైన కేసు చూడలేదు మేడమ్. ఖాళీ గోడని కూడా వదలట్లేదు. మార్కులు చెప్పడానికి నాకే మొహం చెల్లట్లేదు. అయితే మేనేజ్‌మెంట్ దయగలది. బెటర్‌మెంట్ పరీక్ష ఉంది. ఈలోగా తల్లిగా మీ బాధ్యత మీరు నిర్వర్తించాలి."

వకుళ ఏడ్చినంత పని చేసింది. తప్పు చేసినట్టు తలూపింది కూడా.

*

సుబ్బారాయుడు మాస్టారినే మళ్ళీ వెళ్ళి బతిమాలింది. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నారు.

"గోడలు మార్చి లాభం లేదమ్మా. మీ అమ్మాయి ఏదైనా చూడగానే ఏం చేస్తుంది?"

"'అమ్మా, ఇది చూడు' అంటూ వస్తుందండీ."

"మీరేం చేస్తారు?"

"వెళ్ళి చూస్తానండీ."

"అదీ సంగతి," అన్నారు మాస్టారు. "రోగం పిల్లది, దానికి మేత వేసేది మీరు. ఇక చూడకండి."

అంత తేలికైన వైద్యం ఇంకోటి లేదు. ఇంట్లో ఏమీ దాచక్కర్లేదు, ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. మర్నాడు ముత్యం పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, పెరుగు గిన్నెలో నా మొహం చూడు!"

"చూడను. మైనస్."

"ఒక్కసారి అమ్మా, ముక్కు ఎంత లావుందో!"

"చూడనన్నానా!"

చూడాలని వకుళకి ప్రాణం కొట్టుకునేది. పెరుగు గిన్నెలో ముక్కు ఎంత లావై ఉంటుందోనని ఆ రోజంతా ఆలోచించింది. పిల్ల అటు వెళ్ళాక దొంగలా వెళ్ళి గిన్నెలోకి తొంగిచూసుకుంది కూడా, తన ముక్కే కనిపించింది. అయినా పట్టు వదల్లేదు. మేడ మీద ఎండబెట్టిన వడియాల్లో ఒకటి కోడిపిల్లలా వచ్చిందంటే చూడలేదు. మబ్బు ఏనుగైందంటే చూడలేదు. నాన్నగారి గురక కూలర్ తాళానికి సరిపోయిందంటే, అది తనకీ వినిపిస్తున్నా, విననట్టే కూరగాయలు తరిగింది.

"పిల్లని పాడుచేస్తున్నావు వకుళా," అన్నాడు ఫణీంద్ర ఒకరోజు. ఆయన గొంతులో వేళాకోళం లేదు.

"ఈ ఒక్క పరీక్షా అయిపోనివ్వండి," అంది వకుళ. "తరవాత ఎంత కావాలంటే అంత చూస్తాను."

మొదట్లో ముత్యం రోజంతా వచ్చేది. తరవాత అప్పుడప్పుడు వచ్చేది. ఆ తరవాత గుమ్మందాకా వచ్చి, వకుళ మొహం చూసి, వెనక్కి పోయేది. మామిడిపళ్ళు బకెట్లో భోజనాల దాకా అలాగే ఉండటం మొదలైంది. ఒక సాయంత్రం టీచరు ఫోను చేస్తే వెనకాల ఏ చప్పుడూ లేదు.

"అద్భుతం మేడమ్!" అంది టీచరు. "ఎలా సాధించారు?"

వకుళకి గర్వంగానే అనిపించింది. ఆ గర్వం కింద ఏదో నలుసులా గుచ్చుకుంటుంటే, పరీక్ష టెన్షన్ అనుకుంది.

*

బెటర్‌మెంట్ పరీక్షని మేనేజ్‌మెంట్ వారు మహోత్సవంగా మార్చేశారు. స్కూలు ఆడిటోరియంలో ఫ్లెక్సీలు కట్టారు, సన్నాయి పెట్టారు. ఫెయిలైనవాళ్ళనీ, పాసైనవాళ్ళనీ, డిబారైనవాళ్ళ తల్లిదండ్రులు బతిమాలుకోగా వాళ్ళనీ, అందరినీ కలిపి వేదిక మీద కుర్చీల్లో కూర్చోబెట్టారు. అసలు పరీక్ష ఏమిటో డీన్ గారు అప్పుడు వెల్లడించారు. విద్యార్థుల సమక్షంలో డైరెక్టర్ గారు స్కూలు ప్రగతి నివేదిక చదువుదురు.

డైరెక్టర్ గారు చదివారు. స్థాపన నుంచి మొదలుపెట్టారు. ఫౌండేషన్ రాయి వేసిన నాటి వాతావరణం, ఆనాడు హాజరైన పెద్దల పేర్లు, హాజరు కాలేకపోయిన పెద్దల పేర్లు, వారు పంపిన సందేశాలు. పేరెంట్లు మొదట చప్పట్లు కొట్టారు, తరవాత విసనకర్రలు విసురుకున్నారు, తరవాత ఒకరి భుజం మీద ఒకరు వాలిపోయారు. ముఖ్య అతిథి గురక మైకులోంచి వచ్చింది. ముందు వరసలో ఫణీంద్ర ఎప్పుడో నిద్రపోయాడు. సుబ్బారాయుడు మాస్టారు కూడా నిద్రలోకి జారుకున్నారు.

పిల్లలు మాత్రం పాడైపోయారు. ఒకడు ముఖ్య అతిథి గురకకి పకపకా నవ్వాడు. కాలు రాయబోయి కుర్చీతో సహా పడ్డాడు ఇంకొకడు, దాంతో ఆ వరసంతా నవ్వింది. హవిష్ ముఖ్య అతిథి శాలువా కుచ్చుల్ని జడ వేస్తూ దొరికిపోయాడు. డీన్ గారు మైనస్‌లు వేస్తూ వేస్తూ చేతులు నొప్పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

చివరి కుర్చీలో ముత్యం కదలలేదు. డైరెక్టర్ గారి కళ్ళజోడు ముక్కు చివరిదాకా జారినా ఆమె చూడలేదు. వేదిక మీదికి ఒక పిచిక వచ్చి, ఆయన నివేదిక మీదే వాలి, తోక ఊపి వెళ్ళినా ఆమె చూడలేదు. వకుళ చూసింది. పిచిక వాలగానే అలవాటు కొద్దీ కూతురి మొహం వైపు చూసింది, ఇప్పుడు నవ్వుతుందేమోనని. ముత్యం కళ్ళు ఎదురుగా ఉన్నాయి, దేన్నీ చూడట్లేదు. వకుళ ఊపిరి పీల్చుకుంది.

వందకి వంద. స్కూలు చరిత్రలోనే ప్రథమం అన్నారు. డైరెక్టర్ గారు స్వయంగా శాలువా కప్పి, "ఈ శూన్యంలోంచి రేపు ఏ మహత్తర ఆవిష్కరణ పుడుతుందో ఎవరు చెప్పగలరు!" అన్నారు. శిఖర సెక్షన్‌లో సీటు ఖాయం. అందరూ వకుళ చెయ్యి పట్టుకుని ఊపారు. రాజ్యలక్ష్మి గారు అసూయతో కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ రహస్యం అడిగింది. వకుళకి కూడా కళ్ళనీళ్ళొచ్చాయి, ఆనందమే అనుకుంది.

బస్టాండు సెంటర్లో హోర్డింగు కోసం ఫొటో తీయాలన్నారు. ఫొటోగ్రాఫరు పెళ్ళిళ్ళకి అలవాటుపడ్డ కుర్రాడు. ముత్యాన్ని నీలం తెర ముందు కూర్చోబెట్టి, కెమెరా ఎత్తి, "ఏదీ పాపా, ఒక్క నవ్వు," అన్నాడు.

"ఏయ్!" అని అరిచారు డీన్ గారు. "నవ్వించకు. ర్యాంకు పోతుంది."

అతను సారీ చెప్పి, ముత్యం ఎలా ఉందో అలాగే తీశాడు. ఒకటికి నాలుగు తీశాడు. అన్నింటిలోనూ ఒకే మొహం వచ్చింది. డైరెక్టర్ గారు కెమెరాలో చూసుకుని ఎంతో తృప్తిపడ్డారు.

"అయిపోయింది తల్లీ," అన్నాడు ఫొటోగ్రాఫరు లైట్లు ఆర్పుతూ. "ఇప్పుడు నవ్వొచ్చు."

ముత్యం కుర్చీలోంచి దిగలేదు. వకుళ వైపు తిరిగింది.

"నవ్వితే మార్కులు తీసేస్తారా అమ్మా?"

వకుళ నోరు తెరిచింది. అలాంటిదేమీ లేదు తల్లీ, నీ ఇష్టం వచ్చినంత నవ్వు, అని చెప్పబోయింది. చెప్పేముందు, ఎందుకైనా మంచిదని, డీన్ గారి వైపు చూసింది.